ఏసీ కాయితం పట్టుకొని ఇంటింటికి

ఏసీ చెడిపోయిన సంగతి ముందుగా కనిపెట్టింది నేను కాదు, మా గల్లీ మూల మీద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె. మధ్యాహ్నం కాగానే బండి మీద దుప్పటి కప్పి, మా ఇంటి మెట్లెక్కి వచ్చి, ముందరి గదిలో ఒట్టి బండల మీద వెల్లకిలా పండుకునేది. పొద్దటిసంది బొగ్గుల పెట్టె ముందు నిలబడే మనిషి కాబట్టి గదిలో చల్లదనం ఏమాత్రం తగ్గినా ఆమెకు ముందు తెలిసేది.

ఆ రోజు కళ్లు తెరవకుండనే అన్నది. "పెద్దమ్మా, ఇది చల్లగ వస్తలేదు. ఉత్త గాలి."

"ఇప్పుడే ఏసిన గద బిడ్డా. జర ఆగు."

ఆగినం. పక్కింటి ఆపా గోడకు ఆనుకొని, ఒళ్లో దుపట్టా పరుచుకొని చమ్కీలు కుడుతున్నది. ఆమె నన్ను అక్కా అంటది, నేను ఆమెను ఆపా అంట, అదీ అక్కనే. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇప్పటిదాకా తేలలేదు. ఎదురింటి మేడమ్ సోఫాలో, సరిగ్గా గాలికి ఎదురుగా కూర్చొని వారపత్రిక చదువుకుంటున్నది. వాళ్లది కోస్తా దిక్కు. వాళ్లాయన ఉద్యోగం మీద వచ్చి ఇక్కడనే ఇల్లు కొనుక్కున్నరు.

కొంతసేపటికి మేడమ్ పమిటతో మెడ తుడుచుకున్నది. నేను ఫ్యాన్ దిక్కు చెయ్యి చాపితే ఆపా దుపట్టా మీద రెండు చేతులూ పెట్టింది.

"వద్దక్కా, ఫ్యాన్ తిరిగితే నా చమ్కీలన్నీ స్టేషన్‌ల రైలెక్కి పోతయి."

అందరం నవ్వినం. కానీ ఆ నవ్వు అయినంక ఎక్కువసేపు ఎవ్వరూ కూసోలేదు. "పాలు తోడు పెట్టాలండీ పిన్నిగారూ," అని మేడమ్ లేచింది. కోడలు పిలుస్తున్నట్టుంది అని ఆపా లేచింది. నాకైతే ఏ పిలుపూ వినపడలేదు. ఇస్త్రీ ఆమె అందరికంటే ఆఖరున పోయింది. పోతూ పోతూ, "మంచిగ చేపియ్యి పెద్దమ్మా," అన్నది.

నేను ఒక్కదాన్నే రిమోట్ పట్టుకొని అంకె తగ్గించుకుంటా పోయిన. పదహారు దగ్గర అది ఇంక దిగలేదు. గాలి మాత్రం వస్తనే ఉన్నది, వంటింట్లోంచి వచ్చినట్టు.

ఆ ఏసీ మా ఆయన కోసం కొన్నది. ఆయన నీళ్ల పైపుల పనిలో సర్కారు ఉద్యోగి. రిటైరైనంక పక్షవాతం వచ్చి మంచాన పడ్డడు. ఎండాకాలంలో చెమటకు వీపంతా పుండ్లు పడుతుంటే, గది చల్లగా ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. రిటైర్మెంటు పైసల్లోంచి తీసి కొన్నం. ఆయన పోయినంక చాన్నాళ్లు నేను దాన్ని ముట్టలేదు. నా ఒక్కదానికి ఏసీ ఎందుకు అనిపించేది. మాకు పిల్లలు లేరు. పొద్దున పాలాయనతో ఒక మాట, కూరగాయల బండి దగ్గర ఒక మాట, అంతే. కొన్ని రోజులైతే సాయంత్రం ఎవరన్నా పలకరిస్తే నా గొంతు బొంగురుగా వచ్చేది, పొద్దటిసంది వాడలేదు కాబట్టి.

మొదట వచ్చింది ఆపా. వాళ్లది రేకుల ఇల్లు. పెళ్లిళ్ల కాలంలో మొఘల్‌పురా దుకాణం వాళ్లు దుపట్టాలు కుప్పలు కుప్పలుగా పంపుతరు. ఫ్యాన్ వేస్తే చమ్కీలు ఎగిరిపోతయి, వెయ్యకపోతే చెమట చేతులకు సూది జారుతది. "అక్కా, జర నీ ఏసీ వేస్తవా, నీ గదిలో ఒక మూలకు కూసుంట," అని అడిగింది. ఏసీ గాలి పైనుంచి పోతది కాబట్టి చమ్కీలు కదల్లేదు. ఆమెను చూసి ఇస్త్రీ ఆమె, వీళ్లిద్దరి మాటలు కిటికీలోంచి విని మేడమ్, అట్ల ఒకరి వెనక ఒకరు వచ్చిన్రు.

అప్పటిసంది నా రోజు మారింది. పొద్దున్నే వంట ముగించి, గది ఊడ్చి, తడిబట్ట పెట్టి, ఫ్రిజ్‌లో సీసాలు నింపి పెట్టుకునేదాన్ని. మా ఆయన మంచం మీద ఉతికిన దుప్పటి వేసేదాన్ని. మధ్యాహ్నం వాళ్ల చెప్పుల సప్పుడు మెట్ల మీద వినపడేదాకా నాకు వేరే పని ఉండేది కాదు. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను మధ్య మధ్య ఒక మాట కలిపేదాన్ని. నిద్రపోతే నిద్రపోయినోళ్లను చూసుకుంటా కూసునేదాన్ని.

ఏసీ బాగైతే ఆ మధ్యాహ్నాలు మళ్లీ వస్తయి. నాకు కావలసింది అదొక్కటే.

మర్నాడు మెకానిక్‌ను పిలిపించిన. నడివయసు మనిషి, ఉర్దూ సగం తెలుగు సగం మాట్లాడిండు, నన్ను ఖాలా అన్నడు, పిన్నమ్మా అన్నట్టు. గదిలో పెట్టె మూత తీసి చూసిండు. తర్వాత మిద్దె మీదికి పోయి బయటి మిషిన్ చూసిండు. నేను కూడా కొంగు నెత్తిన వేసుకొని ఎండలో నిలబడ్డ.

"గ్యాస్ లేదు ఖాలా."

"అయిపోయిందా? కొన్నప్పటిసంది ఒక్కసారి కూడా నింపియ్యలేదు, గందుకేనేమో."

ఆయన నవ్విండు. "అయిపోనీకి ఇది వంట సిలిండర్ కాదు ఖాలా. బంద్ పైపులల్ల తిరుగుడే దాని పని. ఎన్నేండ్లయినా గంతే ఉండాలె. లేదంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు." రాగి పైపు మలుపు దగ్గర వేలుతో రాసి చూపించిండు. వేలికి నూనె మరక అంటింది. గ్యాస్‌తోటి కొంచెం నూనె కూడా బయటికొస్తదట.

చేయాల్సిన పనులు చెప్పిండు. లీకైన కాడ వెల్డింగ్ చెయ్యాలె, పైపులల్ల గాలి ఎక్కించి ఇంకెక్కడా కారుతలేదని చూడాలె, ఆ గాలి మొత్తం గుంజేసి కొత్త గ్యాస్ నింపాలె. మిషిన్ మొదలయ్యేటప్పుడు సప్పుడొస్తున్నది కాబట్టి కెపాసిటర్ కూడా బలహీనపడ్డట్టుంది. ఒక తెల్ల కాయితం మీద అన్నీ ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి, ఐదువేల ఐదొందలు అని చెప్పిండు.

నాకు తెలిసిన బేరం ఒకటే. చీరైనా, గిన్నెలైనా, గాజులైనా సగం అడుగుతం. "మూడువేలకు చేస్తవా భాయ్?" అని అడిగిన.

"చేస్త ఖాలా. కానీ గీ పనులల్ల ఏదో ఒకటి ఎగ్గొట్టాలె. ఏది ఎగ్గొట్టాల్నో మీరే చెప్పున్రి."

"అయితే వద్దు తియ్," అని మొఖం పక్కకు తిప్పుకున్న.

బజార్లో ఆ మాట అన్నంక గడప దాటేలోపు దుకాణమాయన వెనక్కి పిలుస్తడు. పిలవకుండా నేను ఎప్పుడూ ఇంటికి పోలేదు. ఈయన సామాను సంచిలో వేసుకొని, చూసినందుకు చార్జి తీసుకొని, "సోంచాయించుకోన్రి, మంచిగ ఆలోచన చేసి చెప్పున్రి," అని దిగిపోయిండు. ఇక్కడ గడప దాటి పోయింది ఆయన, ఇంట్లో నిలబడి ఉన్నది నేను. మెట్ల మీదనే ఆగి విన్న. బండి స్టార్టయింది, గల్లీ మలుపు దగ్గర హారన్ కొట్టింది, పోయింది.

చేతిలో కాయితం మిగిలింది. నేను యాభై దాటినంక, సాయంత్రం పూట నడిచే బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషిని. తెలుగైతే ఆగకుండా చదువుత. ఇంగ్లీషులో అంకెలు, మా ఆయన మందుల పేర్లు, అంతవరకే. చదివించుకోవాలె, రేటు ఎక్కువనో తక్కువనో నలుగురిని అడగాలె అనుకొని ముందుగా మేడమ్ ఇంటికి పోయిన.

"అయ్యో, ఎండలో వచ్చారేంటండీ పిన్నిగారూ!"

"ఏసీకి మెకానిక్ గిది రాసిచ్చిండు. జర చదువున్రి. రేటు న్యాయంగనే ఉన్నదా?"

మేడమ్ గేటు దగ్గరనే నిలబడి చదివింది. "లీకు వెల్డింగు... గ్యాస్ చార్జింగు... కెపాసిటరు... సర్వీసు. మొత్తం ఐదువేల ఐదొందలండీ."

"మీకేమనిపిస్తది?"

ఆమె కాయితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. "ఎక్కువ తక్కువలు నాకేం తెలుస్తాయండీ. ఈ నెల మాకు పిల్లాడి కాలేజీ ఫీజు వచ్చిపడింది. మావారు రానివ్వండి, ఒక మాట అడిగి చెబుతాను."

నా ఏసీకి, వాళ్ల పిల్లగాని ఫీజుకు ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. నన్ను తొందరగా పంపియ్యడానికి ఏదో ఒకటి అన్నదనుకున్న.

ఆపా దగ్గరికి పోయిన. అంకె వినగానే ఆమె సూది ఆగింది.

"అరె బాప్‌రే! ఐదున్నర వేలా?"

"ఇయ్యొచ్చంటవా ఆపా?"

"ఇయ్యొచ్చు, ఎందుకియ్యరాదు? మగర్ దుకాణం సేట్ పాత పైసలే ఇంకా ఇయ్యలేదక్కా. జర రోజులు ఆగుదమా?"

"ఎండలు ఇట్ల దంచుతుంటే ఆగుడెట్ల?"

"అదీ నిజమే," అని దుపట్టా మీదికి వంగింది. ఆపా ఇంట్లోంచి నేను చాయ్ తాగకుండా బయటికొచ్చిన రోజు అదొక్కటే.

ఇస్త్రీ ఆమె బండి దగ్గర అంగీ కాలర్ మీద పెట్టె తోముతున్నది. చెప్పిన. చేయి ఆపకుండా విన్నది.

"నీకైతే న్యాయమనిపిస్తదా బిడ్డా?"

"నేనేమంట పెద్దమ్మా. న్యాయమే ఉంటది." కాలర్ ఒకసారి అయినంక మళ్లీ అదే కాలర్ మీద రుద్దింది. "చూస్త."

"ఏం చూస్తవ్?"

"చూస్త," అన్నది మళ్లీ, నా మొఖం చూడకుండ.

ఇంటికొచ్చి ఆ కాయితం టీవీ మీద పెట్టిన. అడిగితే ఒక్కరు కూడా సూటిగా ఎక్కువ అనలేదు, తక్కువ అనలేదు.

తర్వాతి రోజుల్లో కూడా అలవాటు కొద్దీ గది ఊడ్చిన, సీసాలు నింపిన. తలుపు ఓరగా తీసి పెట్టి కూసున్న. గల్లీలో చెప్పుల సప్పుళ్లు వస్తుండె, మెట్ల దాకా వచ్చి దాటిపోతుండె. సీసాల్లో నీళ్లు సాయంత్రం నేనే మొక్కలకు పోసేదాన్ని. ఏసీ లేదు కాబట్టి రావట్లేదు, అందులో తప్పేమున్నది, నేనైనా అంతే చేస్త అని సర్ది చెప్పుకున్న.

ఒకరోజు ఎండ తగ్గినంక మిరపకాయలు తియ్యడానికి మిద్దె ఎక్కిన. కిందికి చూస్తే ఆపా గడప మీద ముగ్గురూ కూసొని ఉన్నరు. మేడమ్ చేతులు తిప్పుకుంటా ఏదో చెప్తున్నది, ఇస్త్రీ ఆమె తల అడ్డంగా ఊపుతున్నది. నా గాజుల సప్పుడుకు పైకి చూసిన్రు. మాట టక్కున ఆగింది. మేడమ్ చెయ్యి ఊపింది. నేను కూడా ఊపిన. నేను వెనక్కి జరిగినంక వాళ్ల మాటలు మళ్లీ మొదలైనయి, కానీ చిన్నగ.

ఆపా గడప మీద ఏసీ లేదు. పడమటి ఎండ సరిగ్గా అక్కడనే పడతది. అయినా కూసున్నరు. మిరపకాయలు చాటలోకి ఎత్తుకొని కిందికి దిగిన. చల్లదనం లేక రావట్లేదనుకున్నన్ని రోజులు కొంచెం నయంగా ఉండె.

అయినా ఆశ చావలేదు. కిరాణా దుకాణమాయన ఇంకొక మెకానిక్‌ను పంపిండు. ఈయన మిద్దె ఎక్కలేదు. రిమోట్ నొక్కి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, "గ్యాస్ ఆంటీ. పద్దెనిమిది వందలియ్యి, అర్ధగంటల నింపిపోత," అన్నడు.

"లీక్ ఎక్కడున్నదో చూడవా?"

"పాతదైంది గద ఆంటీ, జర జర తగ్గుతనే ఉంటది. మళ్లా తగ్గితే ఫోన్ చెయ్యి, మళ్లా నింపుత."

ఆ రేటు వినడానికి ఎంత తియ్యగా ఉన్నదో చెప్పలేను. సరే అనబోయిన. కానీ మా ఆయన బతుకంతా నీళ్లు కారే పైపుల మీదనే గడిచింది. ఇనుప కడ్డీ ఒక కొస రోడ్డుకు ఆనించి, ఇంకో కొస చెవికి ఆనించి, నేల లోపల నీళ్లు ఎక్కడ కారుతున్నయో వినేటోడు. పైపు పగిలిన కాడ మూయకుండా వాల్వ్ ఎక్కువ తిప్పమనే ఆఫీసర్ల మీద ఇంటికొచ్చి విసుక్కునేటోడు. నీళ్లు రోడ్డుకే పోతయి గద, ఇండ్లకు ఎట్ల వస్తయి అనేటోడు. పద్దెనిమిది వందల గ్యాస్ కూడా అట్లనే పోతదని అనిపించింది. మెకానిక్‌కు చాయ్ ఇచ్చి పంపించిన.

మర్నాడు మొదటి మెకానిక్‌కు ఫోన్ చేసిన. ఈసారి బేరం చెయ్యలేదు, అడగాల్సినవి అడిగిన.

"వెల్డింగ్ చేసినంక లీక్ ఆగిందని నాకెట్ల తెలుస్తది భాయ్?"

"సబ్బు నురగ పూసి చూపిస్త ఖాలా. బుడగలొస్తే పైసలియ్యకున్రి."

"కెపాసిటర్ పోయిందని నాకెట్ల తెలవాలె?"

"మీటర్ పెట్టి మీ ముందటనే చూపిస్త. మంచిగుంటే మార్చ. గా పైసలు కట్."

"మార్చితే పాతది నాకియ్యాలె."

"మీదే గద ఖాలా, నేనేం జేస్కుంట?"

"మళ్లా గ్యాస్ పోతే?"

"ఈ ఎండాకాలంల పోతే ఫిరీగ జేస్త. గది కూడ రాసిస్త."

రేటు న్యాయమైందే అని నాకు అప్పుడు అర్థమైంది. చవక కాదు, న్యాయం. ఏ పనికి ఎంతో చెప్తున్నడు, చేసింది చూపిస్త అంటున్నడు. "రేపు రావాల్నా మరి?" అని అడిగిండు. నేను నోరు తెరిచి, "చెప్త," అని ఫోన్ పెట్టేసిన.

ఎందుకంటే అప్పుడే నాకు గది కనిపించింది. ఖాళీ సోఫా, ఉతికిన దుప్పటి వేసిన మంచం, ఊడ్చిన బండలు. నా ఒక్కదానికైతే తడిబట్ట, టేబుల్ ఫ్యాన్ చాలు. పోయినేడు దాకా అట్లనే గడిపిన. రేటు న్యాయమైందైతే అయింది, ఎవరి కోసం పెట్టాలె? వాళ్లకు కూసోవడానికి ఆపా గడప ఉన్నది. పెన్షన్‌లోంచి అంత తీసి, చల్లటి గదిలో ఒక్కదాన్ని కూసుంటే వెచ్చటి గదికన్నా అది ఎక్కువ బాధనిపిస్తది. వద్దనుకున్న. ఏసీ రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసిన.

రెండ్రోజులకు, మధ్యాహ్నం పూట, ఇస్త్రీ ఆమె వచ్చింది. లోపలికి రాకుండా గడప అవతల నిలబడి కొంగు ముడి విప్పింది. చిన్నగా మడిచిన నోట్లు తీసి నా దిక్కు చాపింది.

"పెద్దమ్మా, ఇవి పెట్టుకో. మిగిలినయి వచ్చే వారం ఇస్త."

"ఏంటివి బిడ్డా?"

"ఏసీయి."

"ఏసీయి ఏంది?"

"నా వంతు. నేనొక్క గంటనే పండుకుంట గద, అందుకని సగం వంతు ఇస్తే చాలు అని ఆపా చెప్పింది. తక్కువైతే చెప్పు."

"నిన్ను ఎవరడిగిన్రు పైసలు?"

"నువ్వే అడిగితివి గద!" ఆమెకు కొంచెం కోపం కూడా వచ్చింది. "కాయితం పట్కొని ఇల్లిల్లు తిరిగితివి, గణేశుని చందాకు వచ్చినట్టు. గింతయితది, న్యాయమేనా అంటివి. చూస్త అని నేనన్న. ఏం చూస్తవ్ అని బండి కాడ నిలబడి గట్టిగ అడిగితివి. గంత గట్టిగ గణేశునోళ్లు కూడ అడగరు."

మా గల్లీలో ఎవరన్నా కాయితం పట్టుకొని గడపలోకి వస్తే దానికి ఒకటే అర్థం. నీళ్ల మోటరు కాలినా, మురికి మోరీ పూడినా, గణేశుడైనా, బోనాలైనా, అంకె పైన ఉంటది, మన వంతు కింద రాస్తరు. ఊరికే సలహా అడగడానికి ఎవ్వరూ కాయితం తీసుకొని రారు. నేను కూడా నా గడపలో నిలబడి ఎన్నోసార్లు "చూస్త" అన్నదాన్నే. అయినా నా చేతిలో కాయితం ఉన్నప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు.

"మరి అందరూ ఆపా గడపల కూసొని..."

"గదే లొల్లి రోజూ! మేడమ్ సోఫా మీద గాలికి ఎదురుంగ కూసుంటది, గామె ఎక్కువియ్యాలె అని ఆపా. ఆపా పగలంత ఉంటది, నేను పత్రిక చదువుకొని పోతా కదండీ అని మేడమ్. తేలకపాయె."

"నా ముందట మాట్లాడుకోవచ్చు గద."

"నీ ముందట ఎట్ల మాట్లాడ్తం? పైసలియ్యకుండ ఏం మొఖం పెట్టుకొని నీ ఇంట్లకొస్తం?"

నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కండ్లల్ల నీళ్లు కూడా వచ్చినయి. ఆమె చెయ్యి వెనక్కి నెట్టి, "నాకు పైసలొద్దు బిడ్డా. రేటు ఎక్కువనా తక్కువనా అని అడిగిన, గంతే. మునుపటి లెక్క ఊకెనే రండి," అన్న.

ఆమె సంతోషపడుతదనుకున్న. పడలేదు. చెయ్యి అట్లనే చాపి నిలబడ్డది.

"మునుపు వేరు పెద్దమ్మా. మునుపు అది పెద్దబాపు కోసం కొన్న ఏసీ. ఆయన పేరు చెప్పుకొని కూసున్నం. ఇప్పుడు నువ్వు పెన్షన్ పైసలు పెట్టి చేపిచ్చినవని తెలిసీ వచ్చి పండుకోనీకి నాకు నామోషి గాదా? తీస్కుంటే వస్త. లేకపోతే రాను."

ఊరికే అన్న మాట కాదు. ఆమె అట్లాంటి మనిషి.

నేను వెంటనే చెయ్యి చాపలేకపోయిన. వాళ్లు వచ్చినన్ని రోజులు చల్లటి నీళ్లు నేనిచ్చిన, చల్లటి గది నేనిచ్చిన. ఎవరో నా ఇంటికి వస్తున్నరు, నేను కూసోండి అంటున్న. ఆ సంతోషం నాకు చాలా ఇష్టంగా ఉండె. ఈ నోట్లు తీసుకుంటే అది పోతది. తీసుకోకపోతే మనిషే పోతది. గడప అవతల ఆమె ఎండలో నిలబడి ఉన్నది.

తీసుకున్న. నోట్లు ఇస్త్రీ బట్టల లెక్క వెచ్చగా ఉన్నయి.

మిగిలిన ఇద్దరూ వాళ్ల వంతు తెచ్చిచ్చినంక మొదటి మెకానిక్‌నే పిలిచిన. ఆయన వచ్చిన రోజు ముగ్గురూ ముందే వచ్చి కూసున్నరు. మిద్దె మీద నలుగురం ఆయన చుట్టూ నిలబడితే పాపం పైపు కనపడడానికి ఆయనకు వెలుతురు లేదు. వెల్డింగ్ అయినంక నురగ పూసి చూపించిండు. ఒక్క బుడగ రాలేదు. మీటర్ పెడితే కెపాసిటర్ మంచిగనే ఉన్నది, ఆ పైసలు కొట్టేసిండు.

"చూసినవా, మేం రాకపోతే మా అక్కను ముంచేటోనివి," అని ఆపా ఉర్దూలో అందుకున్నది. ఇంకా తగ్గించాలన్నది.

"ఖాలా ఒక్కతే ఉన్నప్పుడు మూడువేలన్నది," అని మెకానిక్ నెత్తి గోక్కున్నడు. "మీరు నలుగురైనంక రెండువేలంటున్నరు. ఇంకొకామె వస్తే నేనే ఎదురు పైసలిచ్చి పోవాలె."

"బిల్లు ఇస్తారా అండీ?" అని మేడమ్ అడిగింది.

ఏసీ బాగైంది. ఇప్పుడు మధ్యాహ్నాలు మళ్లీ నా గదిలోనే. కానీ మునుపటి లెక్క లేదు. అప్పుడు గడప దగ్గర ఆగి, రావాల్నా అని అడిగి వచ్చేటోళ్లు. ఇప్పుడు తలుపు నెట్టుకొని వస్తరు. నేను అన్నం తింటుంటే కూడా వస్తరు. రిమోట్ మేడమ్ దగ్గర ఉంటది. దుపట్టాలు పరవడానికి జాగ చాలదని ఆపా మా ఆయన మంచాన్ని గోడకు నిలబెట్టించింది. నేను వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకొని కూసుంట. ఒకరోజు తలనొప్పిగా ఉండి, ఇయ్యాల వద్దని చెప్పాలనుకున్న. వాళ్ల వంతు వాళ్లిచ్చిన్రు, ఎట్ల చెప్పాలె? చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఉన్నది. నేను లేని ఆ రోజుల్లో ఆపా గడప మీద కూసునుడు వాళ్లకు అలవాటైంది. సాయంత్రాలు ఇప్పటికీ అక్కడ కూసుంటరు. నా కాళ్లకు సాయంత్రం మెట్లు దిగుడు కష్టం. అక్కడ మొదలైన మాటలు మర్నాడు నా గదిలోకి సగం నుంచి వస్తయి. వాళ్లు నవ్వుతరు, ఎందుకో నాకు తెలియదు. నవ్వినోళ్లను చూసి నేనూ నవ్వుత.

నిన్న మధ్యాహ్నం కూడా అంతే అయింది.

"ఆమె మళ్లీ తిరిగొచ్చేసిందటండీ," అని మేడమ్ పత్రిక పక్కన పెట్టింది.

"ఛల్, అబద్ధం!" ఆపా సూది ఆపింది. "సామాను తోటేనా?"

"కుట్టు మిషన్‌తో సహా."

ఇస్త్రీ ఆమె పండుకున్న కాడనే కడుపు పట్టుకొని నవ్వింది. ముగ్గురూ నవ్విన్రు. నేను కూడా నవ్వబోయి ఆగిన. పీట ముందుకు జరుపుకొని, "ఎవరామె?" అని అడిగిన.

ముగ్గురూ నా దిక్కు చూసిన్రు.

"అయ్యో, పెద్దమ్మకు మొదటిసంది తెల్వదు గద," అని ఇస్త్రీ ఆమె లేచి కూసున్నది. వెంట్రుకలు ముడి వేసుకొని, నా పీట దగ్గరికి జరిగి, చెప్పడం మొదలుపెట్టింది.